సీజన్ల నడుమ ఏసీ సంరక్షణ: అల్లుడికి ఒక లేఖ

చిరంజీవి అల్లుడికి మేనమామ ఆశీర్వదించి వ్రాయునది.

మిర్యాలగూడలో కట్టుకున్న కొత్త ఇంట్లో, అమ్మ గదికి చల్లగాలీ వేడిగాలీ రెండూ ఇచ్చే ఏసీ పెట్టించావని తెలిసి సంతోషించాను. చలికాలంలో అది కాయిల్ హీటరులాగా కరెంటును నేరుగా వేడిగా మార్చదు. బయటి గాలిలోని వేడిని లాగి గదిలోకి చేరవేస్తుంది గనుక, ఒక యూనిట్ కరెంటుకు దాదాపు మూడు యూనిట్ల వేడి ఇవ్వగలదు. అయితే ఈ లెక్క బయటి యూనిట్‌లో వేడిని అందుకునే గొట్టాల వరుస (కాయిల్) గుండా గాలి ధారాళంగా ఆడినంతవరకే. ఈ మిషన్లు విప్పి బిగించిన అనుభవంతో చెబుతున్నాను: ఇవి నడిచేటప్పటికన్నా, ఒక సీజన్ ముగిసి ఇంకొకటి మొదలయ్యేలోపు పట్టించుకునేవారు లేక పడి ఉన్నప్పుడే ఎక్కువగా చెడిపోతాయి.

మీ ఊరికి ప్రత్యేకమైన చిక్కు రైస్ మిల్లుల ఊక నుసి. యాసంగి ధాన్యం మిల్లులకు వచ్చేది ఏప్రిల్, మే నెలల్లో. ఏసీ పగలూ రాత్రీ తిరిగేదీ అప్పుడే. వానాకాలం పంట దిగేది కార్తీకం చుట్టుపక్కల. అమ్మ మోకాళ్ళకు వెచ్చదనం కావలసి వచ్చేదీ అప్పటినుంచే. కాయిల్ రెక్కల మధ్య చేరిన నుసిపై వాన పడితే అది ముద్దై గట్టిపడుతుంది. అందువల్ల మృగశిర కార్తె వానలు పట్టుకోకముందే ఒకసారి, శివరాత్రికి చలి శివశివా అంటూ వెళ్ళిపోయాక మరొకసారి బయటి యూనిట్‌ను కడిగించు. ఏసీకి కరెంటు ఇచ్చే మెయిన్ స్విచ్ (ఎంసీబీ) ఆపిన తరువాతే ఎవరినైనా చేయి పెట్టనివ్వు. బండ్లు కడిగే ప్రెషర్ పంపుతో కొడితే పలుచని అల్యూమినియం రెక్కలు వంగిపోయి గాలి దారి మూసుకుంటుంది. మామూలు పైపు ధార చాలు, అదీ వీలైతే లోపలి నుంచి బయటికి. ఉప్పు బోరు నీళ్ళు ఆరాక తెల్లని పొర మిగులుస్తాయి గనుక నల్లాకు వచ్చే కృష్ణా నీళ్ళు వాడించు. త్వరగా పని ముగించాలని యాసిడ్ కొట్టే మెకానిక్‌ను గడప తొక్కనివ్వవద్దు, యాసిడ్ రెక్కలను తినేస్తుంది.

లోపలి యూనిట్ పని నీ చేతిలోనిదే. ఫిల్టర్లను మిల్లుల సీజన్‌లో వారానికోసారి ఉత్త నీళ్ళతో కడిగి నీడన ఆరబెట్టు. ఎండలో పెడితే ప్లాస్టిక్ ఫ్రేము వంకరపోతుంది. ఏసీని కొన్నాళ్ళు ఆపేముందు రెండు మూడు గంటలు ఫ్యాన్ మోడ్‌లో నడిపి లోపలి తడిని పూర్తిగా ఆరనిస్తే, మళ్ళీ వేసిన రోజున బూజు వాసన రాదు. డ్రెయిన్ పైపు చివర కందిరీగలు మట్టితో గూడు కడతాయి కాబట్టి అక్కడ సన్నని జాలీ బిగించు. బయటి యూనిట్‌కు ప్లాస్టిక్ కవరు మాత్రం కప్పకు; లోపల తేమ నిలిచి తుప్పు పడుతుంది, ఎలుకలు చేరి వైర్లు కొరుకుతాయి.

వాడని రోజుల్లో ఎంసీబీ ఆపి ఉంచు, పిడుగుల కాలంలో ఏసీ సర్క్యూట్ బోర్డు కాలిపోయే ప్రమాదం తగ్గుతుంది. తిరిగి వాడదలచినప్పుడు మాత్రం ముందురోజే వేసి ఉంచడం మంచిది. కొన్ని మోడళ్ళలో కంప్రెసర్ ఆయిల్‌ను వెచ్చబరిచే ఏర్పాటు ఉంటుంది, దానికి సమయం కావాలి.

కార్తీకంలో ఒక తెల్లవారుజామున, చలి ముదరకముందే, హీట్ మోడ్‌ను పావుగంటసేపు నడిపి చూడు. చల్లదనం నుంచి వేడికి గ్యాస్ దారి మళ్ళించే రివర్సింగ్ వాల్వు, వేసవంతా ఒకే వైపు ఉండి పట్టేసి ఉంటే అప్పుడే బయటపడుతుంది. మోడ్ మారేటప్పుడు బుస్సుమనే శబ్దం వస్తే కంగారుపడవద్దు, అది సహజమే. హీట్ మోడ్‌లో బయటి యూనిట్ కింద నీళ్ళు కారడమూ అంతే.

ఇక ఏసీలో వేడిని మోసే గ్యాస్ సంగతి. అది పెట్రోలులాగా ఖర్చయ్యేది కాదు. తగ్గిందంటే ఎక్కడో లీకు ఉన్నట్టే. ఏటా పోయించుకోవాలని చెప్పేవాడి మాట నమ్మకు. ముందు సబ్బు నురుగుతో పైపులు కలిపే ఫ్లేర్ నట్ల దగ్గర లీకు వెతికించి, సరిచేయించి, పైపుల్లోని గాలీ తేమా లాగేసేలా వాక్యూమ్ పట్టించాకే నేమ్‌ప్లేటుపై రాసి ఉన్న తూకం ప్రకారం నింపించు. నీ ఏసీలో ఉన్న ఆర్-32 గ్యాస్ కొద్దిగా మండే స్వభావం గలది, కనుక ఆ పని జరిగేటప్పుడు దగ్గర బీడీ గానీ అగరుబత్తి గానీ వెలిగించనివ్వకు. ఎన్ని గ్రాములు నింపారో బిల్లు మీద రాయించి భద్రపరుచుకో, తరువాత వచ్చే మెకానిక్ అదే మొదట అడుగుతాడు.

మీ మేనమామ
నల్లగొండ