ఫ్లోరెన్స్, వెనిస్ మధ్య రెండు రోజులుంటే బొలోన్యాలో దిగండి

రోమ్, ఫ్లోరెన్స్, వెనిస్ ఖాయమయ్యాయి, మధ్యలో రెండు రోజులు మిగిలాయి, ఎక్కడ గడపమంటారని అడిగారు. నా సమాధానం బొలోన్యా. నేను చదువుకున్న ఊరు, ఇటలీలో నాకు అన్నిటికన్నా ఇష్టమైన ఊరు. దీనికోసం దారి మళ్ళనక్కరలేదు. ఫ్లోరెన్స్ నుంచి వెనిస్ వెళ్ళే రైళ్ళు దీని మీదుగానే వెళ్తాయి. ఫ్లోరెన్స్ నుంచి హైస్పీడ్ రైల్లో నలభై నిమిషాలైనా పట్టదు.

ఈ ఊరి అసలు గొప్పతనం పోర్తికోలు, అంటే వీధి పొడవునా ఇళ్ళ కింద సాగే స్తంభాల వసారాలు. అన్నీ కలిపితే 62 కిలోమీటర్లు. 2021లో యునెస్కో వీటిని ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చింది. మధ్యయుగాల్లో ఇక్కడి విశ్వవిద్యాలయం పేరు విని వచ్చేవాళ్ళతో ఊళ్ళో జనం పెరిగేసరికి, ఇళ్ళవాళ్ళు పై అంతస్తులను వీధి మీదికి పెంచి కింద స్తంభాలు నిలబెట్టారు. మిగతా ఊళ్ళు ఇలాంటి కట్టడాలను కూలగొట్టిస్తే, బొలోన్యా మాత్రం 1288లో పోర్తికో ఉండి తీరాలని శాసనం చేసింది. స్థలం ఇంటివాడిది, నడిచే హక్కు అందరిదీ. వచ్చేపోయేవాళ్ళు కాసేపు కూర్చునే మన వీధి అరుగు ఊరంతా ఒకదానికొకటి కలిసిపోతే ఎలా ఉంటుందో ఊహించుకోండి. వాన పడుతుంటే గొడుగు లేకుండా తరగతికి వెళ్ళేవాళ్ళం. స్ట్రాడా మజ్జోరె వీధిలో కాజా ఇసొలాని అనే ఇంటి ముందు ఆగండి. 13వ శతాబ్దపు ఎత్తయిన కొయ్య స్తంభాలు ఇప్పటికీ పై అంతస్తును మోస్తున్నాయి.

పోర్తికోల్లో పెద్దది సరగోజ్జా ద్వారం దగ్గర మొదలై కొండ మీది శాన్ లూకా చర్చి దాకా వెళ్తుంది. దాదాపు నాలుగు కిలోమీటర్ల దూరం, 666 కమానులు. మెలొన్చెల్లో కమాను దాటాక ఎక్కుడు మొదలవుతుంది. పొద్దున్నే బయలుదేరండి. మోకాళ్ళ నొప్పులున్న పెద్దవాళ్ళు వెంట ఉంటే ఊరి నడిబొడ్డు నుంచి చిన్న టూరిస్టు రైలుబండి వెళ్తుంది.

ఊరి ప్రధాన కూడలి పియాజ్జా మజ్జోరెలోని శాన్ పెట్రోనియో చర్చి నిర్మాణం 1390లో మొదలైంది. ముఖభాగానికి పాలరాయి నేటికీ సగం వరకే ఉంది. లోపల నేల మీద 66 మీటర్లు దాటిన ఒక గీత ఉంటుంది. ఖగోళ శాస్త్రవేత్త కస్సీని 1655లో గీయించినది. పైకప్పులోని చిన్న రంధ్రంలోంచి పడే ఎండ బిళ్ళ నేల మీద మెల్లగా జరుగుతూ సరిగ్గా సూర్యుడు నడినెత్తికి వచ్చే వేళకు ఆ గీతను దాటుతుంది. చలికాలంలో గడియారం పన్నెండుంబావు ప్రాంతంలో, వేసవిలో ఒంటిగంటంబావు ప్రాంతంలో అక్కడ ఉండండి. బిళ్ళ కదలడం కంటికి తెలుస్తుంది. పిల్లలుంటే తప్పక చూపించండి.

పక్కనే ఆర్కిజిన్నాజియో ఉంది. 1088లో పుట్టిందని చెప్పే విశ్వవిద్యాలయానికి 16వ శతాబ్దంలో కట్టిన భవనం. గోడల నిండా ఒకప్పటి విద్యార్థుల వంశ చిహ్నాలు, దాదాపు ఆరు వేలు. శవాలను కోసి పాఠం చెప్పిన కొయ్య గది 1944 బాంబు దాడిలో కూలిపోతే, శిథిలాల్లో దొరికిన ముక్కలతోనే మళ్ళీ నిలబెట్టారు. 1732లో లౌరా బస్సీ అనే మహిళ ఆచార్యురాలైంది ఈ విశ్వవిద్యాలయంలోనే.

ఊరి నడిబొడ్డున ఉన్న మధ్యయుగపు రెండు గోపురాల (టవర్ల) విషయం ముందే చెప్పాలి. 97 మీటర్ల అజినెల్లి పక్కనే ఒరిగి ఉన్న గరిజెండా పరిస్థితి ప్రమాదకరంగా ఉందని 2023 అక్టోబరులో చుట్టూ కంచె వేశారు, అజినెల్లి ఎక్కడం కూడా ఆపేశారు. దూరం నుంచే చూడాలి.

ఇక తిండి. మాంసం తినేవారు రాగూతో (మాంసం సాస్‌తో) ఇచ్చే తల్యతెల్లె అనే రిబ్బన్ లాంటి పాస్తా, మాంసపు చారులో ఇచ్చే టోర్టెల్లీని అనే కూరిన చిన్న పాస్తా వదలకండి. శాకాహారులు మాత్రం జాగ్రత్తగా ఉండాలి. టోర్టెల్లీనిలో పంది మాంసం ఉంటుంది. వెన్న, సేజ్ ఆకుతో ఇచ్చే టోర్టెల్లోనిలో రికొట్టా జున్నే. ఇక్కడి తాజా పాస్తా పిండిని గుడ్డుతో కలుపుతారు, కాబట్టి గుడ్డు తిననివారు ఎండు పాస్తా ఉందా అని అడగండి. పర్మెజాన్ జున్నుకు దూడ కడుపు నుంచి తీసిన తోడు వాడతారు. క్రెషెంటీనె అనే ఉబ్బిన రొట్టెలు చూడగానే పూరీలు గుర్తొస్తాయి. కొన్నిచోట్ల పంది కొవ్వులో వేయిస్తారు. "స్ట్రుత్తో" (పంది కొవ్వు) ఉందా అని అడిగితే చాలు, నిజం చెప్తారు.

ఏప్రిల్, మే, అక్టోబరు నెలలు బాగుంటాయి. ఆగస్టు మధ్యలో ఊరివాళ్ళే సెలవులకు వెళ్ళిపోయి చాలా భోజనశాలలు మూసి ఉంటాయి. వాణిజ్య ప్రదర్శనలు జరిగే వారాల్లో హోటల్ ధరలు బాగా పెరుగుతాయి, తేదీలు చూసుకుని గది తీసుకోండి.