తోలు ముచ్చట్లు: ఈసారి అన్నీ రెడ్ వింగ్ ప్రశ్నలే

గత సంచికలో గట్టి బూట్లు ఎలా ఎంచుకోవాలో రాస్తూ, అమెరికాలో తయారయ్యే రెడ్ వింగ్ పేరు ఒకసారి ఎత్తాను. వచ్చిన ఉత్తరాల్లో సగానికి పైగా దాని మీదే.

ప్రశ్న: మా అబ్బాయి మినియాపోలిస్‌లో ఉద్యోగం చేస్తున్నాడు. మూడొందల డాలర్లకి పైగా పోసి ఒక జత రెడ్ వింగ్ బూట్లు కొన్నాడు. "వందేళ్లు దాటిన కంపెనీ నాన్నా" అంటాడు. కంపెనీకి వందేళ్లయితే బూటు ధర పెరగాలా? (విశ్రాంత ఉపాధ్యాయుడు, ఖమ్మం)

మాస్టారూ, మీ అబ్బాయి ఉండే చోటికి ఆ కంపెనీ ఎంతో దూరం లేదు. కారులో గంట ప్రయాణం. మిసిసిపీ నది ఒడ్డున రెడ్ వింగ్ అనే చిన్న ఊరు ఉంది, దాని పేరే కంపెనీ పేరు. ఊరికి ఆ పేరు డకోటా తెగ నాయకుల నుంచి వచ్చింది. ఎర్ర రంగు అద్దిన హంస రెక్క వాళ్ల చిహ్నం. బూటు మీద కనిపించే రెక్క బొమ్మకి మూలం అదే.

1905లో ఛార్లెస్ బెక్‌మన్ అనే ఆయన ఫ్యాక్టరీ పెట్టాడు. అప్పటిదాకా ఆయన అదే ఊళ్లో బూట్ల వ్యాపారి. గనుల్లో దిగేవాళ్లు, చెట్లు కొట్టేవాళ్లు, రైతులు వచ్చి అడిగితే ఇవ్వడానికి తట్టుకునే సరుకు కొట్లో ఉండేది కాదు. ఇంకొందరు మదుపుదారుల్ని కలుపుకుని తనే తయారీలోకి దిగాడు. రెండు ప్రపంచ యుద్ధాల్లోనూ అమెరికా సైనికులకి బూట్లు ఇక్కణ్ణుంచి వెళ్లాయి. రెండో యుద్ధంలో పొడవు, వెడల్పు కలిపి 239 రకాల కొలతల్లో కుట్టామని కంపెనీ చెప్పుకుంటుంది. పాదాల మీద అంత శ్రద్ధ పెట్టిన సైన్యం గెలవక ఏం చేస్తుంది!

నన్నడిగితే అసలు సంగతి తోలులో ఉంది. అదే ఊళ్లో 1872 నుంచి ఎస్.బి. ఫుట్ అనే తోళ్లు ఊనే (అంటే పచ్చి తోలు కుళ్లకుండా పదును చేసే) కర్మాగారం నడుస్తోంది. 1986లో బూట్ల కంపెనీ దాన్ని కొనేసింది. దాని విలువ నాలాంటివాడికి బాగా తెలుస్తుంది. తమిళనాడులోని ఆంబూరులో ఒక ఎక్స్‌పోర్ట్ బూట్ల ఫ్యాక్టరీలో, పైతోలుని అచ్చు మీదికి లాగి బిగించే లాస్టింగ్ సెక్షన్‌లో పనిచేసినన్నాళ్లూ తోలు లారీ వస్తోందంటే మాకు టెన్షనే. ఒక లాటు మందంగా ఉంటుంది, ఇంకోటి పల్చన. కుడి కాలికి ఒక ఛాయ, ఎడమ కాలికి ఇంకో ఛాయ వస్తే బయ్యరు పెట్టె తిప్పి పంపుతాడు. సప్లయరుకి ఫోన్ చేస్తే "అంతా బాగానే ఉంది సార్" అంటాడు. తోలు ఊనేవాడు, బూటు కుట్టేవాడు ఒకే గొడుగు కింద ఉంటే, ఏ బూటుకి ఎలాంటి తోలు కావాలో ముందే చెప్పి చేయించుకోవచ్చు.

ఇంతకీ ధర. తోలు మందం, అమెరికా కూలి రేట్లు, కుట్టు పని కలిపితే చాలా వరకు లెక్క తేలుతుంది. తేలనిది పేరు ఖరీదు. అది కూడా ఉంది, లేదని అబద్ధం చెప్పను. ఇంకో మాట, రెడ్ వింగ్ ముద్ర ఉన్న ప్రతి బూటూ అక్కడే కుట్టింది కాదు. హెరిటేజ్ అని అమ్మే వరస కోసమే ఈ పొగడ్తలన్నీ. కొనేముందు లోపలి లేబుల్ చదవమనండి.

ప్రశ్న: గుడ్‌ఇయర్ వెల్ట్ అంటే ఏంటి సార్? టైర్ల కంపెనీ వాళ్లదా? (ఇంజినీరింగ్ విద్యార్థి, వరంగల్)

కాదు బాబూ. రబ్బరుని గంధకంతో ఉడికించి గట్టిపరచడం కనిపెట్టిన ఛార్లెస్ గుడ్‌ఇయర్ ఉన్నాడే, ఆయన కొడుకు ఛార్లెస్ గుడ్‌ఇయర్ జూనియర్ 1870ల ప్రాంతంలో ఈ కుట్టు మెషిన్‌ని జనంలోకి తెచ్చాడు. టైర్ల కంపెనీ 1898లో వచ్చింది. తండ్రి మీద గౌరవంతో ఆ పేరు పెట్టుకున్నారంతే, కుటుంబానికీ దానికీ సంబంధం లేదు.

ఇక కుట్టు. ముందు పైతోలుని నానబెట్టో ఆవిరి పట్టో మెత్తబరిచి, పాదం ఆకారంలో ఉండే లాస్ట్ మీదికి లాగి బిగిస్తారు. మన బజారుల్లో ఫర్మా అంటారు చూడు, అదే. నా జీవితమంతా ఈ లాగుడులోనే గడిచింది. వేళ్ల దగ్గర ఒక్క ముడత మిగిలినా బూటు అరిగేదాకా నిన్ను వెక్కిరిస్తుంది. లోపల అడుగున ఇన్‌సోల్ ఉంటుంది, దానికింద చుట్టూ నిలబడిన గట్టులాంటి పట్టీ. ఆ గట్టునీ, పైతోలునీ, బయట వెల్ట్ అనే సన్నటి తోలు పట్టీనీ కలిపి మొదటి కుట్టు వేస్తారు. మధ్యలో మిగిలిన గుంటని కార్క్ (బెండు) పొడి ముద్దతో నింపుతారు. ఆ తర్వాత సోల్‌ని వెల్ట్‌కి రెండో కుట్టుతో బిగిస్తారు. మడమకి మేకులు.

గమనించావా, సోల్ కుట్టు పైతోలుని తాకదు. సోల్ అరిగితే రెండో కుట్టు కోసి, పాతది ఊడదీసి కొత్తది కుట్టొచ్చు. పైతోలు చెక్కుచెదరదు. మా ఆంబూరు సరుకులో ఎక్కువ భాగం గమ్ముతో అతికించినదే. తేలికగా ఉంటుంది, చవక, మొదటి రోజు నుంచే హాయి. సోల్ పోతే మాత్రం అతికించిన బూటుని బాగుచెయ్యడం కష్టం.

అలాగని వెల్ట్‌లో లోపం లేదనుకోకు. ఆ గట్టు చాలావరకు ఇన్‌సోల్‌కి అతికించిన గుడ్డ పట్టీయే. చేత్తో కుట్టే బూట్లలో దాన్ని తోలులోనే చెక్కుతారు. అతుకు ఊడిందంటే పని పెద్దదవుతుంది. అమ్మేవాళ్లు ఈ ముక్క చెప్పరు.

కార్క్ సంగతి కూడా విను. ఒక స్నేహితుడు వాడిన జతకి సోల్ మారుస్తుంటే పక్కన కూర్చుని చూశాను. లోపల కార్క్ మీద ఆయన మడమ, బొటనవేలి కింది ఎముక అచ్చంగా దిగి ఉన్నాయి. కొత్తలో రాయిలా ఉండే బూటు తర్వాత మన కాలికి కుదురుకోవడానికి కారణం ఇదే.

ప్రశ్న: పక్కల మీద మూడు వరసల కుట్టు కనిపిస్తోంది. అలంకారమా? (గృహిణి, టైలరింగ్ నేర్చుకున్నాను, ఏలూరు)

మీ కంటికి దండం పెట్టాలమ్మా. అలంకారం కాదు, బలం. ప్యూరిటన్ అనే పాతకాలపు మెషిన్ మీద మూడు సూదులతో ఒకేసారి వేస్తారు. దారం ద్రవంలో తడిసి సూదిలోకి వెళ్తుంది కాబట్టి మందపాటి తోలులో జారుతూ దిగి, రంధ్రాన్ని మూస్తుంది. ఆ మెషిన్లు చేసిన కంపెనీ ఎప్పుడో మూతబడింది. విడిభాగాలు కావాలంటే రెడ్ వింగ్ వాళ్లే తయారుచేసుకుంటారు. మీ కుట్టు మెషిన్‌కి బాబిన్ కేసు దొరక్కపోతే ఎంత తిప్పలో మీకు తెలుసుగా.

ప్రశ్న: ఎక్కడో అమెరికా బూటుకి ఇంత చరిత్ర రాస్తారు. మా తాతలు లందల్లో (తోళ్లు నానబెట్టే తొట్లలో) తోళ్లు ఊని చెప్పులు కుట్టారు. వాళ్ల మీద ఒక్క ముక్కా రాయరేం? (పాఠకుడు, మహబూబ్‌నగర్)

కోపం న్యాయమైనదే. తంగేడు చెక్క, కరక్కాయ వేసి వారాల తరబడి లందలో నానబెట్టి తోలు చేసిన చేతులు మన ఊళ్లలో ఉన్నాయి. ఇలా తంగేడు చెక్కతో ఊనిన దక్షిణాది తోళ్లు మద్రాసు రేవు నుంచి ఓడలెక్కి ఇంగ్లండు పోయేవి. బావి మోటకి బొక్కెన, ఎద్దుకి పగ్గం, డప్పుకి తోలు, కాలికి చెప్పు, అన్నీ మాదిగవాడలోనే తయారయ్యేవి. బెక్‌మన్‌కి అంగడి, బోర్డు, పేరు ఉన్నాయి కాబట్టి సంవత్సరాలతో సహా చరిత్ర మిగిలింది. మీ తాతగారికి పని మిగిల్చి పేరు తీసేశారు, పైగా వాడని ఊరి చివరికి నెట్టారు. తోలు వాసన నచ్చదు, తోలు చెప్పు మాత్రం కావాలి! మీ ఇంట్లో పాత ఆరె (తోలు గుచ్చే సాధనం), రంపె (తోలు కోసే కత్తి) ఉంటే, తోలు ఎలా ఊనేవాళ్లో పెద్దవాళ్లకి గుర్తుంటే, పత్రిక చిరునామాకి రాయండి. ఈ శీర్షికలో మీ పేరుతోనే వేయిస్తాను.

ప్రశ్న: ఎర్రటి తోలు, తెల్లటి సోల్ ఉన్న మోడల్ ఒకటి చూశాను. పని బూటుకి తెల్ల సోల్ ఏంటి? (విజయవాడ)

అది వేటగాళ్ల కోసం వచ్చింది. 1952 నాటి 877 మోడల్, పేరు ఐరిష్ సెటర్. ఆ జాతి వేటకుక్క బొచ్చు రంగు తోలుకి వచ్చేలా చేశారు. సోల్ మెత్తగా, అడుగు చప్పుడు లేకుండా ఉంటుంది. గాడులు లేని చదును సోల్ కాబట్టి తర్వాత వడ్రంగులు, ఇనుప దూలాల మీద నడిచేవాళ్లు దాన్ని ఇష్టపడ్డారు. మట్టి అంటుతుంది, నిజమే.

ప్రశ్న: హైదరాబాద్ వానల్లో వేసుకోవచ్చా? సైజు ఎంత తీసుకోవాలి? (సాఫ్ట్‌వేర్ ఉద్యోగి, మియాపూర్)

వేసుకోవచ్చు. తడిస్తే లోపల న్యూస్‌పేపర్ కుక్కి ఫ్యాన్ కింద పెట్టండి. ఎండలో, హీటర్ దగ్గర వద్దు, తోలు పగులుతుంది. వానాకాలంలో మూసిన బీరువాలో పెడితే బూజు పట్టడం ఖాయం. నూనె అతిగా పట్టిస్తే తోలు సాగిపోతుంది, ఏడాదికి రెండు మూడుసార్లు చాలు. రోజూ అదే జత వేయకుండా ఒక రోజు ఆరనివ్వండి.

సైజు దగ్గర చాలామంది దెబ్బ తింటారు. మన దుకాణాల్లో ఉండేది బ్రిటిష్ సైజు. మన 8 అంటే అమెరికాలో మగవాళ్లకి సుమారు 9. పైగా హెరిటేజ్ బూట్లు కొంచెం పెద్దగా వస్తాయి కాబట్టి కొలిచిన అమెరికా సైజుకి అర సైజు తగ్గించడం మామూలు. పాదం వెడల్పుగా ఉంటే పొడవు పెంచకండి, వెడల్పు అక్షరం మార్చండి. డి మామూలు, ఇఇ వెడల్పు. సాయంత్రం పాదాలు కాస్త ఉబ్బాక, మందపాటి సాక్స్‌తో కొలిపించుకోండి.