పెల్లెట్ ప్లాంటు వేడి మీద ప్రాజెక్టు చేస్తే ఉద్యోగం వస్తుందా?

ప్రశ్న: మా అమ్మాయి తిరుపతిలో బీటెక్ మెకానికల్ మూడో సంవత్సరం. ఇనుప ఖనిజం పెల్లెట్ల తయారీలో వృథాగా పోయే వేడితో ఇంధనం ఆదా చేయడం మీద ప్రాజెక్టు చేస్తానంటోంది. తోటి పిల్లలంతా కోడింగ్ అంటున్నారు. నాకు టెన్షన్‌గా ఉంది.
– ఒక తండ్రి, పుత్తూరు

జవాబు: పల్లెల్లో కట్టెల పొయ్యి పక్కనే మంట పోయే దారిలో ఇంకో చిన్న పొయ్యి ఉండేది. అన్నం ఉడికేలోపు దాని మీద నీళ్ళు కాగేవి, వేరే కట్టె పెట్టకుండానే. మీ అమ్మాయి పట్టుకున్నది ఆ కిటుకునే.

ఇనుప ఖనిజం పొడిని బెంటోనైట్ అనే బంకమట్టితో కలిపి రేగుపండంత ఉండలు చేసి, సుమారు 1300 డిగ్రీల దగ్గర కాలుస్తారు. ఈ ఉండలే పెల్లెట్లు. కాలిన ఉండలను చల్లార్చడానికి గాలి ఊదుతారు కదా, ఆ గాలి వేడెక్కుతుంది. బాగా వేడిగా ఉన్న గాలిని బర్నర్ల వైపు తిప్పుతారు, కొంచెం తక్కువ వేడిది పచ్చి ఉండలను ఆరబెట్టడానికి పోతుంది. వినడానికి తేలికే. కానీ పచ్చి ఉండకు ఒక్కసారిగా వేడి తగిలితే లోపలి తేమ ఆవిరై ఉండ పగిలిపోతుంది. గాలి తప్పించుకోకుండా అతుకుల దగ్గర బిగించే సీళ్ళ సందుల్లోంచి చల్లగాలి దూరితే మిగిల్చిన వేడంతా నీరుగారిపోతుంది. ఎక్కడ ఎంత వేడి పోతోందో లెక్కగట్టి చూపించగల ఇంజినీరుకు గిరాకీ ఉంటుంది.

పెల్లెట్ ప్లాంట్లు కొన్నే, నిజమే. అయితే ఇదే లెక్క సిమెంటు ఫ్యాక్టరీలోనూ పనికొస్తుంది. అంతెందుకు, శ్రీకాళహస్తి దగ్గర రాచగున్నేరి పైపుల ఫ్యాక్టరీలో కోక్ ఓవెన్ల (బొగ్గును కోక్‌గా మార్చే కొలుములు) వేడితో కరెంటు తీస్తున్నారు. కొన్నేళ్ళ అనుభవం వచ్చాక కేంద్ర ఇంధన సామర్థ్య సంస్థ (బీఈఈ) వారి ఎనర్జీ ఆడిటర్ (ఇంధనం ఎక్కడ వృథా అవుతోందో తనిఖీ చేసేవారు) పరీక్ష రాయొచ్చు.

దాచకుండా చెప్పాలంటే, మొదట్లో జీతం సాఫ్ట్‌వేర్ అంత ఉండకపోవచ్చు. దుమ్ము, షిఫ్టులు, ఊరు వదలడం తప్పవు. ఇంట్లో ముందే మాట్లాడుకోండి. కోడింగ్‌ను మాత్రం వదలొద్దనండి, ఈ లెక్కలన్నీ చేసేది కంప్యూటర్లోనే.

తోతాపురి మామిడి సీజన్లో చిత్తూరు వైపు ఏదైనా పల్ప్ ఫ్యాక్టరీలో బాయిలర్ చూడ్డానికి పర్మిషన్ అడగండి. పొగగొట్టంలో పోయే వేడి 22 డిగ్రీలు తగ్గితే ఇంధనం దాదాపు ఒక శాతం మిగులుతుందని ఈ రంగంలో ఒక లెక్క ఉంది. అక్కడి థర్మామీటరు చూసి, నెలకు ఎంత కట్టె మిగులుతుందో మీ అమ్మాయిని ఒక కాగితం మీద రాయమనండి. ఆ కాగితం రాసేటప్పుడు ఆమెకు విసుగొస్తే, అప్పుడు ప్రాజెక్టు మార్చుకోవచ్చు.