బస్సు అంటే ‘అందరికీ’

‘బస్సు’ అనే ఇంగ్లీషు మాట ఎక్కడిది, దాని అసలు అర్థం ఏమిటని అడిగారు. లాటిన్‌లో ‘ఆమ్నిబస్’ అంటే ‘అందరికీ’. 1820లలో ఫ్రాన్సులోని నాంత్ పట్టణంలో అందరినీ ఎక్కించుకునే గుర్రపు బండ్లకు ఆ పేరు స్థిరపడింది. 1829లో లండన్ చేరింది. తర్వాత జనం తల నరికి తోక మిగిల్చారు. ‘అందరికీ’లో ‘అందరి’ పోయి ‘కి’ మిగిలినట్టన్నమాట! మన దగ్గర 1932లో నిజాం స్టేట్ రైల్వే 27 బస్సులతో మొదలుపెట్టింది.

నేను సబ్‌స్టేషన్‌లో పనిచేస్తాను. అక్కడ బస్‌బార్ అనే లోహపు కడ్డీ ఉంటుంది. ట్రాన్స్‌ఫార్మర్ నుంచి వచ్చిన కరెంటు దాని మీదికి చేరి, ఊళ్లకు కరెంటు మోసుకెళ్లే లైన్లకు, అంటే అన్ని ఫీడర్లకూ పోతుంది. అదీ ఆ ‘అందరికీ’ నుంచి పుట్టిందే. ఇంగ్లీషు నుంచి మనకు వచ్చిన మాటల్లో ఇంత మంచి అర్థం ఉన్నది మరొకటి లేదు. దీనికి అచ్చ తెలుగు మాట కావాలని పట్టుబట్టేవారిని చూస్తే నాకు ఒళ్లు మండుతుంది. బస్సెక్కాం, బస్సు తప్పింది అని ఊరంతా అంటుంటే ఇంకా పరాయి మాట ఎలా అవుతుంది?

అంతకన్నా బాధ, ‘ఎర్రబస్సు ఎక్కి వచ్చావా?’ అనే వెక్కిరింత. ఇంటర్‌లో చేరడానికి అమ్మతో పరకాల నుంచి హనుమకొండ వచ్చాను. పాత యూరియా సంచిలో బియ్యం, మూతికి సుతిలితో అమ్మ వేసిన కుట్లు. సంచి బరువుకు అమ్మ ఆపసోపాలు పడుతుంటే కండక్టరే ఒక చేయి వేసి పైకి లాగాడు. హాస్టల్ గేటు దగ్గర ఒక సీనియర్ మమ్మల్ని ఎగాదిగా చూసి, ‘ఎర్రబస్సు దిగినట్టున్నారు’ అన్నాడు. పక్కనున్నవాళ్లు నవ్వారు. అమ్మకు ఆ వెటకారం తెలియలేదు. ‘అవును బిడ్డా, పరకాల బస్సే. సీటు కూడా దొరికింది’ అంది సంతోషంగా. నేను తలెత్తలేకపోయాను. ఈ మాటకు అర్థం అప్పుడే తెలిసి ఉంటే, ‘అందరి బండిలో వచ్చాం, తప్పేమిటి?’ అని అడిగేవాడిని. ఇప్పటికీ ఎవరైనా ఆ మాట అంటే ఊరుకోను. పొలం పనివాళ్లు, ఆసుపత్రికి పోయే ముసలివాళ్లు, పరీక్షకు పోయే పిల్లలు ఎక్కే బండి పేరు తిట్టు ఎలా అవుతుంది?

2023 డిసెంబరు నుంచి తెలంగాణలో ఆడవాళ్లకు పల్లె వెలుగులో ఛార్జీ లేదు. మొన్న అమ్మ మా ఇంటికి వచ్చి, కొంగు ముడి విప్పి ఆధార్ కార్డుతో పాటు నాలుగు మడతలు పెట్టిన జీరో టికెట్టు తీసి చూపించింది.