నీ కథలో బాత్‌రూమ్ ఏదమ్మా?

చిరంజీవి అమ్మాయికి,

పెరంబూరు నుంచి పంపిన నీ కథ రెండుసార్లు చదివాను. వంశంలో ఎఫ్‌ఏపీ (పెద్దపేగు నిండా బుడిపెలు మొలిచి, వదిలేస్తే క్యాన్సరయ్యే వంశపారంపర్య జబ్బు) ఉన్న పిల్ల, ఇరవయ్యేళ్లకే పెద్దపేగు తీసేశారు, చిన్నపేగు చివరను సంచిలా కుట్టి కింద కలిపారు. అంతవరకు బాగుంది. అక్కణ్నుంచి పది పేజీలూ ‘క్యాన్సర్ వస్తుందేమో’ అన్న దిగులే. ఏడాదికోసారి స్కోపీకి, అంటే గొట్టం వేసి పేగు లోపల చూసే పరీక్షకి, వెళ్లే రోజున ఆ దిగులు నిజమే. మిగతా రోజులు ఎలా గడుస్తాయి?

నీళ్లనూ ఉప్పునూ ఒంట్లోకి తిరిగి లాగేది పెద్దపేగు. అది లేకపోతే రోజుకు ఐదారుసార్లు వెళ్లాలి, రాత్రి ఒకసారి లేవాలి. విరేచనం పలచన కాబట్టి చర్మం ఒరిసి మండుతుంది. తుడవకుండా కడిగి, మెత్తటి గుడ్డతో అద్ది, జింక్ ఆక్సైడ్ క్రీము రాస్తారు. మే నెల చెన్నై ఎండలో వట్టి మంచినీళ్లే తాగుతూ పోతే నీరసం ఇంకా ముదురుతుంది, ఉప్పు చాలదు గనక. ఉప్పేసిన మజ్జిగ, ఓఆర్‌ఎస్ కావాలి. పొట్లం మీద చూడమను: చిన్నది 200 మిల్లీలీటర్లకే. దాన్ని లీటరు సీసాలో కలిపితే ఎందుకూ కొరగాదు.

నీ పిల్ల బీచ్ స్టేషన్‌లో ఎలక్ట్రిక్ ట్రెయిన్ ఎక్కి తాంబరం వెళ్తుంది. దాదాపు గంట. ఆ పెట్టెల్లో బాత్‌రూమ్ ఉండదు. పొద్దున ఏం తినకుండా బయల్దేరింది, ఏ స్టేషన్‌లో దిగితే బాత్‌రూమ్ దొరుకుతుందో ఎలా గుర్తుపెట్టుకుంది? నాకైతే కథంతా అక్కడే ఉంది.

ఈ జబ్బున్నవాళ్లకు కడుపులో పెరిగే డెస్మాయిడ్ గడ్డ ఊసే లేదు. అది వేరే అవయవాలకు పాకదు, కానీ పక్కనున్న పేగునీ మూత్రనాళాన్నీ నొక్కేస్తుంది. కోత పడ్డచోట మొలిచే రకం కాబట్టి డాక్టర్లు వెంటనే కత్తి పట్టరు, ఎంఆర్‌ఐ తీస్తూ కనిపెట్టి ఉంటారు. ‘క్యాన్సర్ కాదట’ అని చుట్టాలు స్వీట్లు పంచుతుంటే ఈ పిల్ల పక్కకు ఒత్తిగిలలేక పడుకునుంటుంది. ఆ సీను రాయి.

ఒక తప్పు దిద్దుకో. మేనరికం వల్లే జబ్బొచ్చిందని మామ్మ చేత అనిపించావు, కథా ఆమెనే నమ్మింది. ఎఫ్‌ఏపీ తెచ్చేది ఏపీసీ అనే జన్యువు దోషం. అది తల్లిదండ్రుల్లో ఒక్కరికున్నా చాలు, ప్రతి బిడ్డకూ సగం అవకాశం. ఇంట్లో ఎవరికీ లేకుండా కొత్తగా పుట్టుకొచ్చేదీ ఉంది. మేనరికం లెక్కకొచ్చేది ఎమ్‌యూటీవైహెచ్ అనే మరో జన్యువు దోషంతో వచ్చే ఇలాంటి పేగు జబ్బు లాంటి వాటిలో, ఇద్దరి నుంచీ దోషం రావాలి గనక. మామ్మను అననీ, పక్కన ఎవరో ఒకరు కాదనాలి.

పెళ్లిచూపుల ఘట్టం మాత్రం తీసెయ్యకు. కాఫీ కప్పు ముట్టుకోకుండా తిరిగిచ్చిందన్నావు చూడు, ఎందుకో చెప్పకుండా వదిలెయ్.

ఆశీస్సులతో,
చెన్నై