డికాషన్ రంగు మూత్రం... ‘వేడి చేసింది’ అనుకుని ఆగొద్దు

ప్రశ్న: మా వారికి 44 ఏళ్లు. బరువు 152 కిలోలు, ఎత్తు 5 అడుగుల 8 అంగుళాలు. షుగర్ ఉంది, కొలెస్ట్రాల్ మాత్ర వాడతారు. నాలుగు రోజుల క్రితం బరువు తగ్గడానికి స్లీవ్ ఆపరేషన్ చేశారు. హెర్నియా కూడా సరిచేయడంతో 5 గంటలు పట్టింది. నిన్న ఇంటికి పంపారు. కుట్ల దగ్గర పెద్దగా నొప్పి లేదు గానీ పిరుదులు, నడుము విపరీతంగా నొప్పి, కూర్చోలేకపోతున్నారు. మెడికల్ షాపులో అడిగి డైక్లోఫెనాక్ మాత్రలు వేస్తున్నాం. మూత్రం కొద్దికొద్దిగా, డికాషన్ రంగులో వస్తోంది. వేడి చేసిందని కొబ్బరినీళ్లు ఇస్తున్నాం. ఆసుపత్రి మంచం గట్టిగా ఉండి ఇలా అయిందంటున్నారు. నొప్పికి ఏ ఆయింట్‌మెంట్ రాస్తే మంచిది?

జవాబు: ఆయింట్‌మెంట్ సంగతి పక్కన పెట్టండమ్మా. ఇది చదివిన వెంటనే ఆయన్ని ఆపరేషన్ చేసిన ఆసుపత్రికి తీసుకెళ్లండి. అది దూరమైతే డయాలసిస్ సౌకర్యం ఉన్న ఏ ఆసుపత్రి ఎమర్జెన్సీకైనా సరే. రేపు ఓపీకి వెళ్దాంలే అనుకోవద్దు. డైక్లోఫెనాక్ ఇప్పుడే ఆపేయండి, కొబ్బరినీళ్లు కూడా.

మనిషిని చూడకుండా, రిపోర్టులు లేకుండా ఇదే జబ్బని రాయలేను. ఒంట్లో నీరు తగ్గినా, కామెర్లు వచ్చినా మూత్రం రంగు మారుతుంది. కానీ మీరు రాసినవన్నీ కలిపి చూస్తే నాకు ముందు వచ్చే అనుమానం, కండరాలు దెబ్బతిని కరిగిపోతున్నాయేమోనని. దీన్ని ర్యాబ్డోమయోలిసిస్ అంటాం. మనం గట్టి నేల మీద పడుకున్నా నిద్రలోనే అటూ ఇటూ దొర్లుతాం కాబట్టి ఏమీ కాదు. మత్తులో ఉన్న మనిషి దొర్లలేడు, నొప్పీ తెలియదు. అంత బరువు గంటల తరబడి పిరుదులు, నడుము కండరాల మీదే ఆనితే అక్కడ రక్తం ఆడక కండర కణాలు పగిలిపోతాయి, వాటిలోని మయోగ్లోబిన్ అనే ప్రొటీన్ రక్తంలో కలిసి కిడ్నీలకు చేరి వాటిని దెబ్బతీస్తుంది, మూత్రానికి ఆ రంగు వచ్చేదీ దాని వల్లే. రెండో ప్రపంచ యుద్ధంలో లండన్ మీద బాంబులు పడ్డప్పుడు శిథిలాల కింద కాళ్లు నలిగినవాళ్లు, బయటికి తీశాక కిడ్నీలు పనిచేయక చనిపోవడం గురించి అక్కడి డాక్టర్లు 1941లోనే రాశారు. ఆపరేషన్ బల్ల మీద జరిగేదీ దాదాపు అలాంటిదే. బీఎంఐ, అంటే ఎత్తుతో పోల్చి బరువును చూసే లెక్క, 50 దాటినవాళ్లలో, ముఖ్యంగా మగవాళ్లలో, ఆపరేషన్ నాలుగు గంటలు మించితే ఈ భయం ఎక్కువ. మీ వారి బీఎంఐ 51 దాకా ఉంది. షుగర్, కొలెస్ట్రాల్ మాత్ర కూడా తోడై ఉండొచ్చు. అలాగని ఆ మాత్ర మీరే మానేయకండి, ఉంచాలో ఆపాలో అక్కడి డాక్టర్ చెబుతారు.

డైక్లోఫెనాక్ గురించి మాత్రం కోపంగానే రాస్తున్నాను. దెబ్బ తగులుతున్న కిడ్నీకి రక్తం అందడాన్ని ఆ మాత్ర ఇంకా తగ్గిస్తుంది. పైగా నొప్పి అణిగితే బాగైపోయిందనుకుని ఇంకో రోజు ఆగుతారు. ఆపరేషన్ అయి నాలుగు రోజులైనా కాని మనిషికి మందు వేసేముందు సర్జన్‌కి ఒక ఫోన్ చేయాలి కదమ్మా, మెడికల్ షాపుకా వెళ్లేది? ఇక కొబ్బరినీళ్లలో పొటాషియం ఎక్కువ. పగిలిన కండరాల నుంచి కూడా అదే బయటికొస్తుంది, మరీ పెరిగితే గుండె లయ తప్పుతుంది. ఎలాగూ స్లీవ్‌లో పొట్ట సంచిని చిన్నది చేస్తారు కాబట్టి అది చేయించుకున్నవాళ్లు గుక్కెడు గుక్కెడే తాగగలరు, అది ఈ పరిస్థితికి సరిపోదు, సెలైన్ నరంలోకే ఎక్కాలి.

అక్కడ కండరాలు ఎంత దెబ్బతిన్నాయో చెప్పే సీకే అనే రక్తపరీక్ష చేస్తారు. సాధారణంగా వందల్లో ఉండేది 1000 దాటితే అనుమానిస్తాం, 5000 దాటితే కిడ్నీల గురించి గట్టిగా జాగ్రత్తపడతాం. దాంతోపాటు కిడ్నీల పనితీరు చెప్పే క్రియాటినిన్, పొటాషియం, ఈసీజీ, మూత్రపరీక్ష. స్ట్రిప్‌తో చూస్తే మూత్రంలో రక్తం ఉన్నట్టు చూపించి, మైక్రోస్కోప్‌లో ఎర్రకణాలు కనపడకపోతే మా అనుమానం బలపడుతుంది. ఈలోపు మూత్రం తేటపడినా ప్రయాణం మానుకోవద్దు, మయోగ్లోబిన్ కొన్ని గంటల్లోనే పోతుంది, కిడ్నీకి జరిగిన నష్టం అంత త్వరగా పోదు. త్వరగా పట్టుకుంటే చాలామందికి సెలైన్‌తోనే సర్దుకుంటుంది, కొందరికి కొన్నాళ్లు డయాలసిస్ అవసరమవుతుంది. పిరుదు రాయిలా బిగుసుకున్నా, కాలు తిమ్మిరెక్కినా, పాదం పైకి లేవకపోయినా ఆ మాట ముందే చెప్పండి, కండరం లోపల ఒత్తిడి పెరిగితే మళ్లీ కోయాల్సి రావచ్చు. నొప్పి ఉన్నచోట మర్దన, వేడి కాపడం వద్దు.

ఇలాంటి ఆపరేషన్‌కి సిద్ధమవుతున్న మిగతావాళ్లు మత్తు డాక్టర్‌ని ముందే అడగండి: ఎంతసేపు పడుతుంది, కింద మెత్తటి ప్యాడ్లు వేస్తారా, మధ్యలో భంగిమ మారుస్తారా అని. ఇంట్లో ఎవరికైనా మత్తు ఇచ్చినప్పుడు విపరీతమైన జ్వరం వచ్చి ఒళ్లు బిగుసుకుపోయి ఉంటే తప్పక చెప్పాలి, అది వేరే జబ్బు, వంశపారంపర్యంగా వస్తుంది, అందులోనూ కండరాలు కరుగుతాయి.

మీరు వెళ్లేటప్పుడు డిశ్చార్జ్ సమ్మరీ, ఆయన వేసుకున్న మాత్రల స్ట్రిప్పులన్నీ పట్టుకెళ్లండి. డ్యూటీ డాక్టర్‌కి మొదట ఈ మూడూ చెప్పండి: ఐదు గంటల ఆపరేషన్, పిరుదుల్లో నొప్పి, డికాషన్ రంగు మూత్రం. సీకే చేయించమని నా మాటగా అడగండి.