ఇంట్లో చేత్తో గిటార్ చేయొచ్చు, ముందు గాలిలో తేమ సంగతి చూసుకోండి

నెల్లూరులో ఉంటాను, పెద్ద మెషీన్లు లేవు, వడ్రంగం కొద్దిగా వచ్చు, ఇంట్లో అకౌస్టిక్ గిటార్ చేయగలనా అని అడిగారు. చేయగలరు. నేను ఒంగోల్లో మా మేడ మీద గదిలో రెండు చేశాను. మొదటిది పగిలింది, రెండోది రోజూ వాయిస్తున్నాను.

ముందు ఆ పగులు గురించి చెప్పాలి. మొదటి గిటార్ పైపలకకి లోపల బ్రేసులు, అంటే పలకకి బలాన్నిచ్చే సన్నటి కర్రలు, అతికించింది నవంబరులో. వారం నుంచి వాయుగుండం వాన. వీధి తలుపు ఉబ్బి గుమ్మంలో పట్టేస్తోంది. నా పలక కూడా అలాగే తేమ పీల్చి ఉబ్బి ఉంటుందని అప్పుడు తట్టలేదు. మే నెలలో పడమటి గాలి మొదలైంది. ఒక మధ్యాహ్నం గదిలోంచి టప్‌మని చప్పుడు. వెళ్లి చూస్తే బ్రిడ్జి (పైపలక మీద తీగలు బిగించే చెక్క) దగ్గర్నుంచి కింది అంచు దాకా చీలిక, వేలిగోరు దూరేంత. చెక్క ఆరితే పొడవు పెద్దగా తగ్గదు, వెడల్పు తగ్గుతుంది. లోపల అడ్డంగా అతికిన బ్రేసులు దాన్ని తగ్గనివ్వవు. మూడు మిల్లీమీటర్లు కూడా లేని పలక, చీలక ఏం చేస్తుంది? ఆ రోజు నాకు అన్నం సయించలేదు.

అందుకే మీరు మొదట కొనాల్సింది గాలిలో తేమ కొలిచే హైగ్రోమీటర్. మనకి పెద్ద వానలు అక్టోబరు నుంచి డిసెంబరు దాకా ఉంటాయి కాబట్టి ఆ మూడు నెలల్లో బ్రేసుల పని పెట్టుకోకండి. తప్పదంటే పాత ప్లైవుడ్ అల్మారాలో 40 వాట్ల పాతరకం బల్బు వెలిగించి (ఎల్‌ఈడీ పనికిరాదు, వేడి చాలదు), పలకనీ బ్రేసుల్నీ రెండు మూడు రోజులు అందులో ఉంచండి. లోపల తేమ 45 నుంచి 50 శాతం మధ్య చూపించాకే జిగురు పెట్టండి. రెండో గిటార్‌కి నేను చేసింది ఇదే.

చెక్క విషయానికొస్తే, పైపలకకి వాడే స్ప్రూస్ అనే చెట్టు మన దగ్గర పెరగదు, జత పలకలు తెప్పించుకోవాల్సిందే. వెనక్కి, పక్కలకి పనస బాగుంటుంది. మన వీణ కుండ పనసే కదా, ఫిలిప్పీన్స్‌లో సెబూ గిటార్లకి కూడా పనస వాడతారు. ఆరిన పాత పలక దొరికితే సామిల్లులో సన్నగా కోయించుకోండి. ఉదయగిరి, రాపూరు వైపు నుంచి ఎర్రచందనం ముక్క ఇప్పిస్తామని ఎవరైనా అంటే మాత్రం వద్దనండి. కాగితాలు లేని ముక్క ఇంట్లో ఉంటే కేసే.

పైపలక రెండు ముక్కల్ని మధ్యలో కలిపే అతుకు దగ్గర నాకు చాలా రోజులు పట్టింది. చిత్రిక పట్టిన ప్రతిసారీ చివర్లు జారిపోయేవి. చివరికి చీమకుర్తిలో గ్రానైట్ కోసే చోట మిగిలిన నాలుగడుగుల పాలిష్ ముక్క తెచ్చుకున్నాను. దాని మీద ఉప్పు కాగితం అతికించి, రెండు పలకల్నీ పుస్తకం మూసినట్టు మూసి, రెండు అంచులూ కలిపి రుద్దాను. పదిసార్లు రుద్దడం, విప్పి అంచులు ఆనించి కిటికీకి ఎదురుగా పట్టి చూడడం. వెంట్రుకంత వెలుతురు కూడా కనబడకూడదు. సందుని జిగురు నింపుతుందనుకోకండి.

పక్కలు వంచడం అన్నిటికంటే భయపెడుతుంది, అన్నిటికంటే ఆనందమూ అదే. పక్క చెక్క రెండు మిల్లీమీటర్ల దగ్గరికి తెచ్చి, ఇనప పైపుని లోపల్నుంచి మంటతో కాల్చండి. నీటి చుక్క వేస్తే చుయ్‌మని గెంతిపోవాలి. చెక్క తడిపి, ముందు నడుము వంపు దగ్గర ఆనించి, అటూ ఇటూ కదుపుతూ మెల్లగా నొక్కండి. కాసేపు కర్రలాగే మొండికేస్తుంది. ఉన్నట్టుండి తోలు పట్టీలా చేతికి లొంగుతుంది. ఆ క్షణంలో బలం తగ్గించాలి, పెంచకూడదు. నేను పెంచి ఒక ముక్క విరగ్గొట్టాను. వంపు వచ్చాక చల్లారేదాకా అలాగే పట్టుకోండి.

ఫ్రెట్లు, అంటే మెడ మీద అడ్డంగా ఉండే లోహపు కడ్డీలు, లెక్కే. స్కేలు, అంటే తీగ మోగే పొడవు, 650 మిల్లీమీటర్లు అనుకుంటే దాన్ని 17.817తో భాగిస్తే మొదటి ఫ్రెట్ నట్ (మెడ పైచివర తీగలు ఆనే పట్టీ) నుంచి 36.5 దగ్గర పడుతుంది. మిగిలిన పొడవుని మళ్లీ అదే అంకెతో భాగిస్తూ పోవాలి. పన్నెండోది సరిగ్గా 325 దగ్గరికి రావాలి. గుర్తులు మాత్రం ప్రతిదీ నట్ నుంచే కొలిచి పెట్టండి, ఒకదాన్నుంచి ఇంకోటి కొలిస్తే తేడాలు పోగవుతాయి. స్టీలు తీగలకైతే శాడిల్ (బ్రిడ్జి మీద తీగలు ఆనే పట్టీ) రెండు మూడు మిల్లీమీటర్లు వెనక్కి జరపాలి, లేకపోతే పైన పట్టిన స్వరాలు శ్రుతి తప్పుతాయి.

ఇవాళ్టి నుంచే మీరు పని చేసే గదిలో తేమ ఎంతుందో పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి రాసిపెట్టుకోండి. నెల అంకెలు పంపితే బ్రేసుల పని ఎప్పుడు పెట్టుకోవచ్చో నాకు తెలిసినంతలో చెప్తాను. ఈలోగా పనికిరాని పనస ముక్కలు నాలుగు సన్నగా తీసి, పైపు మీద వంచడం అలవాటు చేసుకోండి.